దర్బారు ముందు, మర్రిచెట్టు కింద

"గట్టి నాయకుడు ఒక్కడుంటే చాలు, దేశం బాగుపడుతుంది" అనే మాట ఇప్పుడు మన గూడేల్లో కూడా వినిపిస్తోంది. సంతలో వింటున్నాం, ఆటోలో వింటున్నాం, ఫోన్లో వచ్చే వీడియోల్లో వింటున్నాం. మంత్రివర్గం, చట్టసభలు, కోర్టులు, ఫైళ్లు అన్నీ అడ్డంకులేనట. అధికారమంతా ఒక మనిషి చేతిలో పెడితే పనులు చకచకా అయిపోతాయట. ఈ మాటను మేము విమర్శించదలచుకున్నాం. పుస్తకాల్లోని సిద్ధాంతాలతో కాదు. ఒక్కరి చేతి కింద బతకడం ఎలా ఉంటుందో మన తాతల కాలం నుంచి చూసినవాళ్లం. ఆ అనుభవంతోనే ఈ మాటను తూచి చూద్దాం.

ఒకసారి మా ఆశ్రమ పాఠశాలలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు వక్తృత్వ పోటీ పెట్టాం. "దేశానికి అధికారమంతా ఉన్న ఒక్క నాయకుడు కావాలా?" అన్నది విషయం. మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది కావాలనే అన్నారు. పనులు తొందరగా అవుతాయని ఒకడు, లంచాలు తగ్గుతాయని ఇంకొకడు చెప్పారు. చివర్లో ఒక అమ్మాయి లేచి, "సార్, మా నాయన పట్టా కోసం నాలుగేండ్ల సంది తిరుగుతున్నడు. తాసిల్ ఆఫీసంటరు, ఫారెస్టోళ్లంటరు, ఐటీడీఏ అంటరు. ఒక్కడే ఉంటే ఒక్కడి దగ్గరికే పోతుండె కదా" అంది. ఆ రోజు మేము ఆ పిల్లకు సరైన జవాబు చెప్పలేకపోయాం. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేసిన ప్రయత్నమే.

ఒక్క మంచి మనిషి

ముందు ఆ అమ్మాయి మాటలోని న్యాయాన్ని ఒప్పుకోవాలి. పైన ఒక్క మంచి మనిషి ఉంటే మేలు జరగదా? జరుగుతుంది. మన ఆదిలాబాద్ చరిత్రలోనే జరిగింది.

నిజాం రాజ్యంలో అధికారమంతా ఒక్క ప్రభువుది. ఆయన పేరు మీద అడవి అధికారి, పట్వారీ, అమీన్ మన మీద పెత్తనం చేశారు. ఆ పెత్తనం మీద తిరగబడిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలిచ్చాడు. ఆ తర్వాతే సర్కారుకు గోండుల గోడు తెలుసుకోవాలన్న ఆలోచన వచ్చింది. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆ పనికి పెట్టింది. ఆయన మార్లవాయిలో మన మధ్యే ఉండి చూశాడు, రాశాడు, సర్కారుకు చెప్పాడు. ఆయన చొరవతో, సేతుమాధవరావు వంటి అధికారుల పనితో వేల కుటుంబాలకు భూమి పట్టాలు దొరికాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. మన భాషలో వాచకాలు తయారయ్యాయి. ఈ రోజు బడిపంతుళ్లుగా ఉన్న మన వృత్తికి తొలి మెట్టు అదే. ఆ దంపతుల సమాధులను మార్లవాయి వాళ్లు ఇప్పటికీ గౌరవంతో చూసుకుంటున్నారంటే ఊరికే కాదు.

మరి ఆ మేలు ఎన్నాళ్లు నిలిచింది? హైమన్‌డార్ఫ్ 1970ల్లో మళ్లీ ఇక్కడికి వచ్చాడు. తాను ఇప్పించిన భూములు చాలాచోట్ల వలస వచ్చినవాళ్ల చేతుల్లోకి పోవడం చూశాడు. 1982లో అచ్చయిన తన పుస్తకంలో ఆ బాధంతా రాసుకున్నాడు. దానికి ఏడాది ముందే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో భూమి హక్కుల కోసం కూడిన మనవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలోనే 13 మంది చనిపోయారు.

మంచి మనిషి వెళ్లిపోయాడు, ఆయన కూర్చున్న కుర్చీ మాత్రం ఉండిపోయింది. కుర్చీకున్న అధికారం ఏమీ తగ్గలేదు. తర్వాత వచ్చినవాళ్లకు మన భాష రాదు, మన మీద ఆ ప్రేమా లేదు. వాళ్లను అడిగే హక్కు మాత్రం మనకు ఎవరూ ఇచ్చి పోలేదు. ఇక్కడ ఒక విషయం మరిచిపోకూడదు. భీం అడిగింది మంచి అధికారిని కాదు. పన్నెండు గూడేల మీద గోండుల స్వపరిపాలన అడిగాడు. స్వపరిపాలన అడిగితే మంచి అధికారిని ఇచ్చారు. మంచి అధికారి దొరికిన సంతోషంలో అడిగిందేమిటో మనమూ మరిచిపోయాం.

ఒకే జాతరలో రెండు సభలు

కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయినవాళ్లందరూ రెండు సభలు చూసి ఉంటారు. చూసి ఉంటారు గానీ పక్కపక్కన పెట్టి ఆలోచించి ఉండరు.

ఒకటి మర్రిచెట్టు కింద జరిగేది. గోదావరి నుంచి గంగాజలం మోసుకొచ్చిన మెస్రం వంశస్థులు అక్కడ బస చేస్తారు. పూజ ఎప్పుడు, ఎవరు ఏ పని చేయాలి, వంశంలో తగాదా ఉంటే ఎలా తీర్చాలి, అన్నీ కితల వారీగా పెద్దలు కూర్చుని మాట్లాడుకుంటారు. కటోడా చేసే పని పటేల్ చేయడు. పటేల్ చేసే పని ప్రధాన్ చేయడు. కీక్రి పట్టుకుని వంశం కథ చెప్పే ప్రధాన్ లేకపోతే ఎంత పెద్ద పటేల్ అయినా తంతు నడిపించలేడు. మాట తెగడానికి రాత్రంతా పట్టవచ్చు. కానీ తెల్లారి లేచాక "నన్నెవరు అడిగారు?" అనే మనిషి ఉండడు.

రెండోది దర్బారు. దీన్ని 1940ల్లో హైమన్‌డార్ఫే మొదలుపెట్టించాడు. కొండల్లో ఉన్న గోండులు ఏడాదికి ఒక్కసారైనా అధికారుల ముందుకు వచ్చి కష్టం చెప్పుకోవాలన్నది ఆయన సదుద్దేశం. ఆ రోజుల్లో అది గొప్ప సంగతే. ఇప్పటికీ షామియానా వేస్తారు, వేదిక కడతారు, మంత్రులు, కలెక్టర్ పైన కూర్చుంటారు. మనం కింద నిలబడి దరఖాస్తులు ఇస్తాం. రోడ్డు, బోరు, పట్టా, పింఛను, టీచరు పోస్టు. పైనున్నవాళ్లు హామీ ఇస్తారు, చప్పట్లు కొడతాం. మరుసటి ఏడు అవే దరఖాస్తులు మళ్లీ రాసిపెట్టమని ఊళ్లోవాళ్లు మా దగ్గరికి వస్తారు. వాటిని రాసి రాసి చేయి తిరిగినవాళ్లం కాబట్టి చెబుతున్నాం, చాలావాటికి తేదీ మార్చితే సరిపోతుంది.

దర్బారు వద్దని కాదు మా మాట. దర్బారులో కష్టం చెప్పుకోవచ్చు గానీ లెక్క అడగలేం. నిరుడు ఇచ్చిన హామీ ఏమైందని వేదిక మీది పెద్దమనిషిని నిలదీసే వీలు ఆ ఏర్పాటులోనే లేదు. అధికారమంతా ఒక్క నాయకుడికి ఇవ్వడమంటే దేశం మొత్తాన్ని ఒక దర్బారు చేయడమే. నూట నలభై కోట్ల మంది దరఖాస్తులు పట్టుకుని కింద నిలబడతారు. అందులో మన గూడెం వరుస ఎక్కడుంటుందో ఆలోచించండి.

ఒక్క సంతకం కాపాడలేదా?

చదువుకున్న మన యువకులు ఇక్కడ ఒక గట్టి ప్రశ్న వేస్తారు. "మరి 1/70 సంగతేమిటి? అది గవర్నర్ సంతకంతోనే కదా వచ్చింది? శాసనసభలో ఓటుకు పెట్టి ఉంటే గిరిజనేతరుల మెజారిటీ దాన్ని బతకనిచ్చేదా?"

ఈ ప్రశ్నను దాటేయకూడదు. ఏజెన్సీలో భూమిని గిరిజనేతరులకు బదలాయించకూడదని చెప్పిన 1959 రెగ్యులేషన్ గానీ, గిరిజనేతరుల మధ్య కూడా అమ్మకాలు చెల్లవని దాన్ని బిగించిన 1970 సవరణ గానీ శాసనసభ చేసినవి కావు. రాజ్యాంగం ఐదవ షెడ్యూల్ ఇచ్చిన అధికారంతో గవర్నర్ చేసినవి. పదిమంది కూర్చున్నంత మాత్రాన న్యాయం జరగదని, ఆ పదిమందిలో మనవాడు లేకపోతే పదిమందీ కలిసే మనల్ని ముంచుతారని మనకు తెలుసు. అధికారాన్ని పంచితే చాలు, అంతా మంచే జరుగుతుందని మేము అనడం లేదు.

అయితే ఐదవ షెడ్యూల్‌లోని ఐదవ పేరాను నిదానంగా చదవాలి. అందులో గవర్నర్‌కు రెండు రకాల అధికారాలున్నాయి. మొదటిది, పార్లమెంటు లేదా శాసనసభ చేసిన ఏ చట్టమైనా ఏజెన్సీకి వర్తించదని, లేదా ఫలానా మార్పులతో వర్తిస్తుందని ప్రకటన ఇవ్వడం. దీనికి ఇంకెవరి ఆమోదమూ అక్కర్లేదు. రెండోది, ఏజెన్సీ శాంతి, సుపరిపాలన కోసం రెగ్యులేషన్ చేయడం. దీనికి గిరిజన సలహా మండలిని సంప్రదించి తీరాలి. ఆ మండలిలో నాలుగింట మూడు వంతుల మంది గిరిజన శాసనసభ్యులే ఉండాలి. ఆపైన రాష్ట్రపతి ఆమోదం వచ్చేవరకు అది అమలులోకి రాదు.

1/70 రెండో దారిన వచ్చింది. సంతకం ఒకరిదే అయినా మూడు చేతులు దాటింది. దాని వెనక శ్రీకాకుళం కొండల్లో పారిన రక్తం కూడా ఉంది. దాన్ని 1988లో సుప్రీంకోర్టు సమర్థించింది. 1997లో సమతా కేసులో అదే చట్టాన్ని చూపించి, ప్రభుత్వం కూడా ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని తీర్పు వచ్చింది. గవర్నర్లు మారారు, ముఖ్యమంత్రులు మారారు, చట్టం నిలబడింది. ఒక మనిషి దయగా మిగిలిపోకుండా, ఏ ఆదివాసి అయినా కోర్టుకు పట్టుకుపోగలిగిన రాతగా మారడమే అందుకు కారణం.

ఇప్పుడు మొదటి దారిన వచ్చినదాన్ని చూద్దాం. అది మన ఇంటి సంగతే. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3. మాలో చాలామంది ఉద్యోగాలు దాని చలవే. బడికి రాని పంతుళ్లను చూసి చూసి విసిగిన గూడేలకు, పిల్లల భాష తెలిసిన టీచర్లు వచ్చారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ సమానత్వ హక్కుకు విరుద్ధమంది. ఆ పేరా కింద గవర్నర్ ఉన్న చట్టాన్ని ఆపగలడు, మార్చగలడు గానీ కొత్త చట్టం చేయలేడని కూడా అంది. అప్పటికే ఇచ్చిన ఉద్యోగాలను షరతులతో ఉంచింది. మా ఉద్యోగాలు నిలిచాయి. మా దగ్గర చదువుకుని డైట్‌లో చేరిన పిల్లల ముందు మాత్రం తలుపు మూసుకుంది.

ఆ తీర్పుతో మాకు పేచీ ఉంది. ఏజెన్సీ బడి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు అలా రాయరని మా అభిప్రాయం. కానీ మన తప్పునూ చూసుకోవాలి. ఇరవై ఏళ్లు ఆ ఒక్క సంతకాన్ని నమ్ముకుని నిశ్చింతగా ఉన్నాం. దాన్ని గట్టి చట్టంగా మార్చమని ఎన్ని సభల్లో అడిగాం? అది పోయాక కూడా మళ్లీ ఇంకో సంతకం కోసమే తిరుగుతున్నాం.

దేశం మొత్తానికి జరిగినప్పుడు

ఏజెన్సీకి జరిగిందే ఒకసారి దేశానికంతటికీ జరిగింది. 1975 జూన్ 25 రాత్రి ప్రధాని ఇందిరాగాంధీ సలహా మీద రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటన మీద సంతకం చేశారు. మంత్రివర్గానికి ఆ సంగతి తెలిసింది మరునాడు పొద్దున. అంటే దేశంలోని మంత్రులకు కూడా "నన్నెవరు అడిగారు?" అనే పరిస్థితి వచ్చింది. అడిగే ధైర్యం మాత్రం లేకపోయింది. ప్రతిపక్ష నాయకులను జైళ్లలో పెట్టారు, పత్రికలకు సెన్సారు పెట్టారు. నిర్బంధంలో ఉన్న మనిషి విడుదల కోసం కోర్టుకు కూడా పోలేడని 1976లో సుప్రీంకోర్టు చెప్పింది. అయిదుగురు న్యాయమూర్తుల్లో కాదన్నది హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే.

1978లో 44వ సవరణ చేస్తూ పార్లమెంటు ఆ అనుభవం నుంచి ఒక పాఠం తీసుకుంది. మంత్రివర్గ నిర్ణయం రాతపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటించకూడదని రాసింది. మంచి ప్రధానిని ఎన్నుకోండని ఊరుకోలేదు. ఎవరు ప్రధాని అయినా ఒక్కరే ఆ పని చేయలేకుండా చూసింది. మర్రిచెట్టు కింద కటోడా పని పటేల్ చేయకూడదన్న కట్టుబాటూ ఇలాంటిదే.

అంబేడ్కర్ ఈ ప్రమాదాన్ని ముందే చూశారు. 1948 నవంబరులో రాజ్యాంగ ముసాయిదాను సభ ముందు పెడుతూ, ప్రభుత్వానికి స్థిరత్వం కావాలా, జవాబుదారీతనం కావాలా అన్న ప్రశ్న వస్తే ముసాయిదా జవాబుదారీతనం వైపే మొగ్గిందని వివరించారు. మరుసటి ఏడు నవంబరులో చేసిన చివరి ప్రసంగంలో, మతంలో భక్తి ఎలాంటిదైనా రాజకీయాల్లో వ్యక్తి భక్తి నియంతృత్వానికే దారి తీస్తుందని హెచ్చరించారు. ఆయన బొమ్మ మన ప్రతి బడిలో ఉంది. ఆ హెచ్చరిక మాత్రం మన పాఠాల్లో సరిగా వినిపించడం లేదు.

ఆలస్యం ఎవరిది?

"అందరినీ అడుగుతూ కూర్చుంటే పని ఎప్పటికి కావాలి?" అన్నది మిగిలిన ప్రశ్న. ఆలస్యం నిజంగా ఎవరి దగ్గర జరుగుతోందో రెండు ఉదాహరణలతో చూద్దాం.

ఏజెన్సీ గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టాన్ని పార్లమెంటు 1996లో చేసింది. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తన చట్టం చేసుకుంది. దాని అమలుకు కావలసిన నియమాలు మాత్రం 2011లో గానీ రాలేదు. పార్లమెంటు చట్టం నుంచి లెక్కేస్తే పదిహేనేళ్లు. ఈ పదిహేనేళ్లు ఆపింది ఏ గూడెం గ్రామసభా కాదు. నియమాలు రాయాల్సింది ప్రభుత్వమే. రాయలేదు.

రెండోది మన పొరుగున ఒడిశాలోని నియమగిరి. ఆ కొండలో బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది అక్కడి గ్రామసభలు తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. పన్నెండు గూడేలను ఎంపిక చేశారు. జూలై మధ్యలో మొదలుపెట్టి ఆగస్టు మధ్యకల్లా పన్నెండు గ్రామసభలూ కూర్చున్నాయి. డోంగ్రియా కోందులు, వాళ్లతో కలిసి బతికే మిగతావాళ్లు, ఆడా మగా లేచి మాట్లాడారు. పన్నెండూ వద్దన్నాయి. ఏళ్ల తరబడి ఢిల్లీ, భువనేశ్వర్ ఆఫీసుల్లో తెగని మాట గూడేల్లో నెల రోజుల్లో తెగింది. పదిమంది కూర్చుంటే పని ఆగుతుందనడం నిజం కాదు. ఎవరికీ జవాబు చెప్పనక్కరలేని చోటే ఫైలు నిద్రపోతుంది.

మన లోపల

ఇంతవరకు బయటివాళ్లను అన్నాం. ఇప్పుడు మనల్ని మనం అనుకోవాలి. ప్రజాస్వామ్యం ఆదివాసులకు నేర్పనక్కరలేదు, వాళ్ల దగ్గరే నేర్చుకోవాలని జైపాల్ సింగ్ ముండా 1946లో రాజ్యాంగ సభలో చెప్పిన సంగతి మనం గర్వంగా చెప్పుకుంటాం. మరి మన పంచాయితీలో ఆడవాళ్లకు కూర్చునే చోటు ఉందా? పటేల్ కొడుకే పటేల్ కావడం గురించి ఎప్పుడైనా మాట్లాడుకున్నామా? చాలాచోట్ల గ్రామసభ అంటే రిజిస్టర్ పట్టుకుని ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు వేయించుకోవడమే అయింది. వేసేది మనమే. మర్రిచెట్టు కింద కూర్చోవడం మానేసి చెట్టును పొగడడం సులువు.

బడిలోనూ అంతే. క్లాస్ లీడర్‌ను మేమే పెడతాం, చేతికి బెత్తం ఇస్తాం, అల్లరి చేసినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయమంటాం. పదేళ్లు అలా చదివిన పిల్లలు వక్తృత్వ పోటీలో ఒక్క గట్టి నాయకుడు కావాలని చెబితే తప్పు వాళ్లది కాదు. మా బడిలో ఈ పద్ధతి మార్చాం. భోజనం, నీళ్లు, ఆటలు, గ్రంథాలయం ఒక్కొక్కటి ఒక్కొక్క జట్టు చూసుకుంటుంది. శనివారం అందరి ముందు లెక్క చెబుతుంది. మొదట్లో గోల ఎక్కువైంది. ఇప్పుడు వంటగదిలో పప్పు తగ్గితే ఎందుకు తగ్గిందని అయిదో తరగతి పిల్ల కూడా అడుగుతోంది. ఆ ప్రశ్న మాకూ కొన్నిసార్లు ఇబ్బందిగానే ఉంటుంది. ఉండాలి కూడా.

ఇక ఆ అమ్మాయికి మా జవాబు. తల్లీ, మీ నాయన నాలుగేళ్లు తిరిగిన మాట నిజం. కానీ ఆఫీసులు మూడు ఉండడం వల్ల తిరగలేదు, ఆ మూడింటిలో ఒక్కటి కూడా మీ ఊరికి జవాబు చెప్పకపోవడం వల్ల తిరిగాడు. ఒక్కడే ఉంటే ఆ ఒక్కడి దగ్గరికే పోవచ్చు, నిజమే. ఆ ఒక్కడు కాదంటే మాత్రం ఇంకో తలుపు ఉండదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం మీ నాయన దావా మొదలు కావాల్సింది మీ ఊరి గ్రామసభలో. దాని నియమాల ప్రకారం సభకు ఊరి పెద్దవాళ్లలో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. దావాను కాదంటే కారణం రాతలో ఇవ్వాలి. అరవై రోజుల్లో పై కమిటీకి పోవచ్చు. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. కాగితం మీది నుంచి ఊళ్లోకి తేవడం మీ నాయన ఒక్కడి వల్ల కాదు, మా వల్ల కూడా కాదు. ఊరంతా కూర్చోవాలి.

వచ్చే గ్రామసభకు మీ అమ్మను వెంటబెట్టుకుని పో. రిజిస్టర్ ఇంటికి వస్తే వేలిముద్ర వేయొద్దని చెప్పు. సభ ఎక్కడ జరుగుతోందని అడుగు.